గేర్లు లేని స్కూటర్ బెల్టు: అపోహలు - వాస్తవాలు

అపోహ: తెగలేదు, పగుళ్లు లేవు, కాబట్టి బెల్టు బాగున్నట్టే.

వాస్తవం: ఇంజిన్ శక్తిని వెనక చక్రానికి చేర్చే ఈ బెల్టు అరిగేది పక్కల. ముందొకటి, వెనకొకటి ఉండే పుల్లీల (బెల్టు తిరిగే చక్రాల) పళ్ళేల మధ్య రాసుకుని వెడల్పు తగ్గిపోతుంది. చూపుకు కొత్తదిలా ఉన్న బెల్టు కూడా కొలిస్తే పనికిరానిదని తేలవచ్చు. వెర్నియర్ కాలిపర్‌తో వెడల్పు కొలిచి, మీ బండి సర్వీసు మాన్యువల్‌లో ఇచ్చిన కనీస కొలతతో పోల్చాలి. సన్నబడిన బెల్టుతో ఇంజిన్ అరుస్తుంది, వేగం మాత్రం పెరగదు. సాధారణంగా 20 నుంచి 25 వేల కిలోమీటర్ల మధ్య మార్చాల్సి వస్తుంది. తెగేదాకా ఆగకండి. తెగితే ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, బండి నడిరోడ్డు మీద కదలదు. వెనక లారీ వస్తుంటే అది ప్రాణాల మీదికి వస్తుంది.

అపోహ: కీచుమంటే కాస్త ఆయిల్ పూస్తే చాలు.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. బెల్టు పట్టు రాపిడి మీదే ఆధారపడింది. నూనె తగిలితే జారుతుంది, వేడెక్కి పాడవుతుంది.

అపోహ: బయలుదేరేటప్పుడు బండి వణికితే బెల్టు పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు ఆ వణుకు క్లచ్ షూలది (వేగం అందుకోగానే విచ్చుకుని చక్రానికి పట్టు ఇచ్చే ముక్కలు). ముందు వాటిని చూడమనండి.

అపోహ: బెల్టు మార్చడానికి పెద్ద పనితనం అక్కర్లేదు.

వాస్తవం: పనితనమంతా బిగింపులోనే ఉంది. కొత్త బెల్టు వేసేటప్పుడు వెనక పుల్లీ పళ్ళేలను విడదీసి, బెల్టును లోతుగా దించాలి. అప్పుడే ముందు వైపు వదులు దొరుకుతుంది. అలా చేయకుండా ముందు పుల్లీ నట్టు బిగిస్తే ముందు పళ్ళేల మధ్య బెల్టు నలిగి ఇరుక్కుంటుంది. నట్టు గట్టిగా బిగిసినట్టే చేతికి తెలుస్తుంది, నిజానికి బిగిసింది బెల్టు మీదే. ఇంజిన్ తిరగగానే బెల్టు సర్దుకుంటుంది, నట్టు వదులవుతుంది, ముందు పుల్లీని తిప్పే ఇంజిన్ ఇరుసు (క్రాంక్‌షాఫ్ట్) మీది గాడులు అరిగిపోతాయి. కొన్ని వందల రూపాయల బెల్టు పని కాస్తా ఇంజిన్ విప్పే పనవుతుంది. బిగించాక వెనక పుల్లీని చేత్తో తిప్పి, బెల్టు నలగకుండా తిరుగుతోందో లేదో చూడాలి.

మరొక్క మాట. నట్టు విప్పడానికి ముందు పుల్లీకి ఉండే ఫ్యాను రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూరిస్తే రెక్కలు విరుగుతాయి. పుల్లీని కదలకుండా పట్టే హోల్డరు, నట్టును సరైన బిగువుకే బిగించే టార్క్ రెంచ్ ఉన్న మెకానిక్ దగ్గరికే వెళ్ళండి. కవరు ఎలాగూ తెరిచారు కాబట్టి ముందు పుల్లీ లోపల ఉండే రోలర్లు కూడా తీసి చూపించమనండి. ఒక పక్క చదునుగా అరిగి ఉంటే బెల్టుతో పాటే మార్పించండి.