నిమజ్జనానికి రెండు రోజుల ముందు పిలిస్తే లాభం లేదు: సర్వమత సమావేశాలపై అపోహలు, వాస్తవాలు

వివిధ మతాలవారిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే పనిలో ఉన్న నాబోటివారికి హైదరాబాదులో ఏటా వినాయక చవితి దాటగానే ఫోన్లు మొదలవుతాయి. ఊరేగింపు రెండు రోజుల్లో ఉందనగా, ఎవరో ఎవరినో ఏదో అన్నారని బస్తీలో గుప్పుమన్న తరువాత, "వెంటనే ఒక సర్వమత సమావేశం పెట్టించండి, మత పెద్దలను పిలవండి, పత్రికలవారికీ చెప్పండి" అని అడుగుతారు. అలా అడిగేవారి భయం నిజమైనది, దానిని నేను తేలికగా తీసుకోను. ఆ అభ్యర్థన వెనుక ఉన్న అవగాహన మాత్రం పొరపాటు. మిగిలిన అపోహలన్నీ కలిసి చేసే నష్టం కన్నా ఈ ఒక్కటి చేసే నష్టమే ఎక్కువ కాబట్టి ముందు దీని గురించే వివరంగా రాస్తాను.

అపోహ: ఊరు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇవి అనవసరం, ఉద్రిక్తత వచ్చినప్పుడు పెట్టుకుంటే చాలు.

వాస్తవం: ఉద్రిక్తత వచ్చాక పిలిస్తే, పోలీసు స్టేషన్‌లో జరిగే శాంతి కమిటీకి ఎప్పుడూ వచ్చే పెద్దలే మళ్ళీ వస్తారు. వారు మంచివారే కావచ్చు, కానీ మండపం దగ్గర డీజేలో ఏ పాట మోగాలో, జులూస్‌లో (ఊరేగింపులో) బైకులు ఏ సందులోకి తిరగాలో తేల్చేది వారు కాదు. ఆ సంగతులు కుర్రవాళ్ళ చేతుల్లో ఉంటాయి. ఈ వీధి కుర్రవాళ్ళకు ఆ వీధి కుర్రవాళ్ళ పేర్లు కూడా తెలియకపోతే, వారి గురించి వాట్సాప్‌లో ఏది వచ్చినా నమ్మబుద్ధి అవుతుంది. రెండు రోజుల్లో పరిచయం చేయవచ్చునేమో గాని, అర్ధరాత్రి ఫోన్ చేసి "నిజమేనా?" అని అడగగలిగేంత చనువును కల్పించడం ఎవరి వల్లా కాదు.

దీనికి భివండీ కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ముంబయి పక్కనే ఉన్న ఆ మరమగ్గాల పట్టణంలో మన తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 1970లోనూ, 1984లోనూ అక్కడ తీవ్రమైన మత ఘర్షణలు జరిగాయి. 1988లో డిప్యూటీ పోలీసు కమిషనర్‌గా వచ్చిన సురేశ్ ఖోపడే, ఏ గొడవా లేని రోజుల్లోనే, పేటపేటకూ హిందువులూ ముస్లిములూ కలిసి ఉండే మొహల్లా కమిటీలు ఏర్పాటు చేయించి, అవి క్రమం తప్పకుండా కూర్చొని మామూలు తగాదాలనూ ఇబ్బందులనూ మాట్లాడుకునేలా చూశారు. 1992 డిసెంబరులోనూ 1993 జనవరిలోనూ మత ఘర్షణల్లో ముంబయి తగలబడి, వాటిపై విచారణ జరిపిన శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం 900 మంది చనిపోయినప్పుడు, అంతకుముందు రెండుసార్లు రక్తం చిందిన భివండీ ప్రశాంతంగా ఉంది. డిసెంబరులో హడావుడిగా పిలిచిన సభ వల్ల అది సాధ్యం కాలేదు, నాలుగేళ్ళుగా నడుస్తున్న కూర్చోవడాల వల్ల సాధ్యమైంది.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మా ఊళ్ళో పీర్ల పండుగ అందరం కలిసే చేసుకుంటాం, మాకెందుకండీ ఇవన్నీ?" అంటారు. నిజమే, అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయి స్వామి పీర్లను మొక్కేవారిలో హిందువులే మెండు. నెల్లూరు స్వర్ణాల చెరువులో మొహర్రం రోజుల్లో రొట్టెలు పట్టుకునేవారి మతం ఎవరూ అడగరు. ఉగాదికి దేవుని కడప ఆలయానికి ముస్లిములు వచ్చి, వేంకటేశ్వరుడి ముస్లిం భార్యగా చెప్పుకునే బీబీ నాంచారి పుట్టింటివారిగా కానుకలు ఇస్తారు. ఈ సంప్రదాయాలంటే నాకెంతో గౌరవం. కానీ హిందూ ముస్లిం ఘర్షణలు ఎక్కడ జరుగుతాయి, ఎక్కడ జరగవు అనే విషయాన్ని మన హైదరాబాదును లక్నోతో, అలీగఢ్‌ను కోజికోడ్‌తో పోల్చి పరిశోధించిన రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్నేయ్ తేల్చిన సంగతి వేరే ఉంది. పల్లెలో నిత్యం ఎదురుపడే పరిచయం శాంతికి సరిపోవచ్చు గాని, నగరంలో సరిపోదు. అక్కడ రెండు వర్గాలవారూ కలిసి సభ్యులుగా ఉన్న వర్తక సంఘాలు, కార్మిక సంఘాలు, క్లబ్బులు వంటివే నిలబెడతాయి. పల్లె నుంచి వచ్చి బోరబండలోనో, చాంద్రాయణగుట్టలోనో అద్దెకు దిగిన కుటుంబానికి ఊరి పీర్ల పండుగ వెంట రాదు.

నాకు తెలిసిన ఒక బస్తీలో మ్యాన్‌హోల్ పొంగి మురుగు ఇటు గుడి ముందుకూ అటు మసీదు ముందుకూ పారుతుండడంతో, మండపం కోశాధికారీ మసీదు కమిటీ కార్యదర్శీ కలిసి అర్జీ పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ తరువాత వచ్చిన నవరాత్రుల్లో ఒక రాత్రి మండపం మీద రాయి పడిందని గ్రూపుల్లో వచ్చింది. కోశాధికారి చేసిన మొదటి పని కార్యదర్శికి ఫోన్ చేయడం. ఇద్దరూ టార్చి పట్టుకొని వెళ్ళి చూస్తే, పగిలింది ట్యూబ్‌లైటు, పగలగొట్టింది క్రికెట్ బంతి, బంతి మండపం పక్కింటి పిల్లవాడిదే. మురుగు గురించి కలిసి తిరిగి ఉండకపోతే ఆ ఫోన్ నంబరు ఆయన దగ్గర ఉండేదే కాదు. ఇలాంటి పుకార్లను ఫార్వర్డ్ చేసి "నేను పంపింది మాత్రమే, రాసింది నేను కాదు" అనేవారి మీద నాకు ఏ సానుభూతీ లేదు. మతాల మధ్య ద్వేషం రేపడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షను కింద మూడేళ్ళ వరకూ జైలు పడగల నేరం.

పైగా ఈ పని ముందుగా చేయలేకపోవడానికి సాకు కూడా లేదు. ముస్లిముల పండుగలను లెక్కించే హిజ్రీ చాంద్ర సంవత్సరం మన సౌర సంవత్సరం కన్నా దాదాపు 11 రోజులు తక్కువ కాబట్టి, ఏ ఏటికి ఏ పండుగ దేని పక్కకు వస్తుందో క్యాలెండరు చూస్తే నెలల ముందే తెలుస్తుంది. 2023లో వినాయక నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ (ప్రవక్త జయంతి) రెండూ సెప్టెంబరు 28నే వచ్చినప్పుడు, మిలాద్ నిర్వాహకులు తమ జులూస్‌ను అక్టోబరు 1కి మార్చుకున్నారు. అలాంటి నిర్ణయం తీసుకోవాలంటే తమవారిని ఒప్పించడానికి వ్యవధి కావాలి, అవతలివారు దానిని బలహీనతగా ఎగతాళి చేయరన్న నమ్మకం కావాలి. ఆ రెండూ ఆఖరి వారంలో దొరకవు.

కనుక పండుగలు లేని నెలలో మొదలుపెట్టండి. ముప్పై మంది దాటకుండా, వేదిక లేకుండా, కుర్చీలు గుండ్రంగా వేసి, ప్రార్థనా స్థలంలో కాకుండా బడిలోనో కమ్యూనిటీ హాల్లోనో కూర్చోండి. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం పెట్టకండి. సూర్యాస్తమయం కాగానే చేసే మగ్రిబ్ నమాజు వేళను మధ్యలో ఇరికించకండి. భోజనం పెడితే శాకాహారమే పెట్టండి, ఎవరూ అడగనక్కరలేకుండా పోతుంది. మొదటి రెండు మూడు సార్లు దేవుడి గురించి కాకుండా నీళ్ళు, పార్కింగ్, మైకుల శబ్దం, పిల్లల పరీక్షల వంటి విషయాలు మాట్లాడండి.

అపోహ: మత పెద్దలు ఒకే వేదిక మీద చేతులు కలిపితే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఫొటో వస్తుంది, అంతే. ఐక్యరాజ్య సమితి 2010లో తీర్మానించినప్పటి నుంచి ఫిబ్రవరి మొదటి వారాన్ని సర్వమత సామరస్య వారంగా జరుపుతున్నారు. ఆ వారం పావురాలను ఎగరేసి మిగిలిన సంవత్సరమంతా కనిపించని సంఘాలను చాలా చూశాను. పరస్పర పరిచయం ద్వేషాన్ని ఎప్పుడు తగ్గిస్తుందో 1954లోనే గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త చెప్పారు: ఇరువురికీ సమాన హోదా ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, దాని కోసం కలిసి పనిచేయాలి, అధికారంలో ఉన్నవారి మద్దతు ఉండాలి. శాలువాలు కప్పే సభలో చాలాసార్లు నాలుగోది తప్ప మరేదీ ఉండదు.

అపోహ: అన్ని మతాలూ ఒకటేనని ఒప్పుకోవాలి.

వాస్తవం: అక్కరలేదు. విగ్రహారాధన గురించి, క్రీస్తు దైవత్వం గురించి, ఏకేశ్వరత్వం గురించి అభిప్రాయాలు ఎదురెదురుగా ఉన్నవారే కదా కూర్చునేది. అన్నీ ఒకటేనని మొదటి నిమిషంలోనే ప్రకటించేవారు అవతలివారు చెప్పేది వినడం మానేస్తారని నా అనుభవం. ఇతరుల ప్రార్థనలో గొంతు కలపమని ఎవరినీ అడగకూడదు, ప్రసాదమో, దర్గాల్లో పంచే తబర్రుకో వద్దన్నవారిని నొచ్చుకొని చూడకూడదు.

అపోహ: ఇది మతమార్పిడికి దారి.

వాస్తవం: ఈ భయంతో వచ్చే తల్లిదండ్రులను నేను ఎన్నడూ విసుక్కోను. కూతురు కాలేజీ మిత్రులతో కలిసి ఇలాంటి సమావేశానికి వెళుతోందని తెలిసి, నిద్ర పట్టక, నన్ను వెతుక్కుంటూ వచ్చిన తల్లి ఒకావిడ ఉన్నారు. ఆవిడకు చెప్పినదే ఇక్కడా చెబుతున్నాను. రాజ్యాంగంలోని 25వ అధికరణం తన మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చినా, మరొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లోనే స్పష్టం చేసింది. దానికి తోడు మా సమావేశాల్లో ప్రచారానికీ కరపత్రాలకీ చోటు లేదు. తన విశ్వాసం గురించి అడిగితే చెప్పవచ్చు, అడగనిదే బోధించకూడదు. ఆ నియమాన్ని దాటినవారిని, వారు ఎంత పెద్ద హోదాలో ఉన్నా, మరుసటిసారి పిలవము. ఇంకా సందేహం ఉన్నవారు పిల్లలతో పాటు తామూ వచ్చి కూర్చోవచ్చు. వెనుక వరుసలో కాసేపు కూర్చొని, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయినా ఎవరూ కారణం అడగరు.