వంద మంది సాక్షులు అయిదుగురితో సమానమైనప్పుడు

విశాఖపట్నంలో ఆర్కిటెక్చర్ చదువుతున్న ఒక పాఠకురాలు ఇటీవల ఒక ప్రశ్న పంపారు. ఆమె పాతనగరంలోని ఒక పాత మేడను కొలిచి పటాలు గీస్తున్నారు. ఆమె అన్న భౌతికశాస్త్రంలోను, స్నేహితురాలు తెలుగు సాహిత్యంలోను పరిశోధన చేస్తున్నారు. ముగ్గురికీ 'పరిశోధన పద్ధతులు' అనే పాఠ్యాంశం ఉంది, ముగ్గురి పుస్తకాలూ దాదాపు ఒకే మాటలు చెబుతాయి, కానీ ఒకరి పని మరొకరికి అంతుపట్టదు. ఈ మూడింటికీ నిజంగా ఉమ్మడిగా ఉన్నది ఏమైనా ఉందా అన్నది ఆమె సందేహం.

సమస్యను ఎంచుకోవడం, పూర్వ పరిశోధనలను సమీక్షించడం, ప్రశ్నావళిని తయారు చేయడం వంటివి ఆ పుస్తకాల్లో ఎలాగూ ఉన్నాయి, పరీక్షకు పనికివస్తాయి కూడా. నాకు ఆసక్తి కలిగించేది వాటి వెనక ఉన్న ఒక్క విషయమే. ఒక సాక్ష్యాన్ని మరో సాక్ష్యం బలపరిచిందని ఎవరైనా అన్నప్పుడు, ఆ రెండూ ఒకే కారణం వల్ల తప్పయ్యే వీలుందా అని వెతకాలి. ఈ వెతుకులాట ప్రయోగశాలలోనూ ఉంది, తాళపత్రాల గదిలోనూ ఉంది, పాత మేడ వసారాలోనూ ఉంది.

ముందు మేడ సంగతి చూద్దాం. ఒక గది నిజానికి 6 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవు ఉందనుకుందాం. నాలుగు గోడలు కొలిస్తే చాలదు, గది కాస్త పక్కకు ఒరిగి ఉన్నా గోడల పొడవులు మారవు కాబట్టి మూలకు మూల కూడా కొలవమని మొదటి సంవత్సరంలోనే చెబుతారు. ఇప్పుడు ఆ అమ్మాయి చేతిలోని టేపు వాడి వాడి నూటికి ఒక వంతు సాగిపోయిందనుకుందాం. గోడలు సుమారుగా 5.94, 7.92 అని, మూల కొలత 9.90 అని వస్తాయి. గోడల కొలతల వర్గాలు కూడితే మూల కొలత వర్గానికి సరిగ్గా సరిపోతుంది. పటం ఎక్కడా తేడా లేకుండా మూసుకుంటుంది, మేడ మొత్తం మాత్రం నూటికి ఒక వంతు చిన్నదైపోతుంది. మూల కొలత గది వంకరను పట్టుకోగలదు కానీ టేపు తప్పును పట్టుకోలేదు, ఎందుకంటే అది కూడా అదే టేపుతో తీసిన కొలత.

ఇదే చిక్కును చాలా పెద్ద ఎత్తున ఎదుర్కొన్నది 1802లో మద్రాసు దగ్గర మొదలైన మహా త్రికోణమితి సర్వే. నేల మీద ఒక్క ఆధారరేఖను కొలిచి, అక్కడి నుంచి కోణాలు మాత్రమే చూస్తూ త్రిభుజాల గొలుసుగా దేశమంతటా సాగిపోవడం దాని పద్ధతి. కోణాల తప్పు ప్రతి త్రిభుజంలోనూ బయటపడుతుంది, ఎందుకంటే మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలకు, భూమి గుండ్రదనం వల్ల దాదాపు 200 చదరపు కిలోమీటర్లకు ఒక సెకను చొప్పున కలిసే స్వల్ప అదనానికి సమానం కావాలి. ఆధారరేఖే తప్పయితే మాత్రం కోణాలన్నీ ముచ్చటగా కుదురుతాయి, కానీ దేశమే పెద్దదో చిన్నదో అవుతుంది. అందుకని గొలుసు చివర మళ్లీ నేల మీద ఒక రేఖను కొలిచి, లెక్క చెప్పిన పొడవుతో పోల్చి చూసేవారు. అటువంటి ఆధారరేఖల్లో ఒకటి 1862–63లో నాటి విశాఖపట్నం జిల్లాలో కొలిచారు.

ఆ కొలతకు వాడిన కోల్బీ పరికరం నాకు ఎంతో ఇష్టమైనది. పది అడుగుల ఇనుప కడ్డీ, ఇత్తడి కడ్డీ పక్కపక్కనే పెట్టి మధ్యలో బిగిస్తారు. ఎండకు ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ సాగుతుంది. రెండింటినీ కలుపుతూ కొసల్లో అమర్చిన చిన్న నాలుకలు ఆ తేడాతో పాటు వాలుతాయి. నాలుక మీద ఒకచోట పెట్టిన సూక్ష్మమైన చుక్క మాత్రం కదలదు, కాబట్టి ఈ కొస చుక్క నుంచి ఆ కొస చుక్కకు దూరం ఏ వేడిలోనైనా ఒకటే. అయితే ఇది రెండు లోహాలూ ఒకే వేడిలో ఉన్నప్పుడే నిజం, పొద్దెక్కుతున్నప్పుడు అవి ఒకే వేగంతో వేడెక్కవు. పైగా కోల్బీ కడ్డీలతో దేశంలో కొలిచిన ఆధారరేఖలు పది ఉన్నాయి. ఒక రేఖ మరో రేఖను సరిచూస్తుందంటే అది త్రిభుజాలను సరిచూస్తుందని అర్థం, కడ్డీని కాదు. కడ్డీలోనే లోపముంటే పది రేఖలూ ఏకగ్రీవంగా తప్పు చెబుతాయి. అందుకే కడ్డీలను విడిగా ఒక ప్రామాణిక కడ్డీతో పోల్చి చూసుకునేవారు.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. వంద మంది ఒకే రాశిని విడివిడిగా కొలిచి సగటు తీస్తే, యాదృచ్ఛిక దోషం పదో వంతుకు తగ్గుతుందని మనకు తెలుసు. అయితే వారి దోషాల మధ్య పొత్తు ఉంటే, అంటే ఏ ఇద్దరి దోషాలను తీసుకున్నా సహసంబంధం (పొత్తు అసలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1) ర ఉంటే, న మంది సాక్షుల అసలు విలువను న ÷ (1 + (న − 1) × ర) అనే సూత్రం చెబుతుంది. న వంద, ర 0.2 అయితే హారం 20.8, ఫలితం 4.8. వేయి మందిని తెచ్చినా 4.98 దాటదు. ర విలువ అలాగే ఉన్నంత కాలం ఎంత మంది వచ్చినా అయిదుగురి విలువను మించరు. తరగతిలో ఒక్క కొలత దోషాన్ని కొలతల సంఖ్య వర్గమూలంతో భాగించమని నేర్పేటప్పుడు, 'పొత్తు లేకపోతే' అన్న షరతును గబగబా దాటేస్తారు. అసలు పాఠం ఉన్నది ఆ షరతులోనే.

దీనికి ఒక చక్కని సాక్ష్యం విశాఖలోనే ఉంది. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో నెలకొల్పిన వేధశాలను, ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపారు. 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు నల్లని చుక్కలా దాటిపోయిన దృశ్యాన్ని ఆయన ఇక్కడి నుంచి పరిశీలించారు. శుక్రుడు సూర్యుడికి అంత దగ్గరగా ఉండటమంటే పంచాంగం ప్రకారం శుక్రమౌఢ్యం, పెళ్లిళ్లకు ముహూర్తాలు ఉండవు. శుభకార్యాలు ఆగిపోయే ఆ రోజుల్లోనే, సూర్యుడి దూరం తేల్చుకునేందుకు ప్రపంచంలోని ఖగోళజ్ఞులు దూరదర్శినులకు కళ్లప్పగించారు. భూమి మీద వేర్వేరు చోట్ల నుంచి చూసినవారికి శుక్రుడు సూర్యుడి అంచును దాటే క్షణం కాస్త తేడాగా వస్తుంది, ఆ తేడా నుంచి దూరం లెక్కకు వస్తుంది. కానీ ఆ క్షణంలో నల్లని చుక్క సూర్యుడి అంచు నుంచి తెగకుండా జిగురులా సాగుతూ కనిపించింది. దీన్ని 1761, 1769లలోనే గమనించారు. ఈ సాగుడుకు కారణం దూరదర్శిని మసక, గాలి అలజడి, అంచు దగ్గర సూర్యకాంతి తగ్గిపోవడం. 1999లో వాతావరణం దాదాపు లేని బుధుడు సూర్యుడిని దాటినప్పుడు, భూమి గాలి అడ్డు లేని అంతరిక్షం నుంచి తీసిన చిత్రాల్లోనూ ఇది కనబడింది కాబట్టి, శుక్రుడి వాతావరణాన్ని తప్పుపట్టడానికి లేదు. పరిశీలకులు ఎందరున్నా చాలామంది ఒకే రకమైన కళ్లద్దాల వెనక ఉన్నట్టయింది.

ఇంటి వాస్తు మార్చగానే కలిసివచ్చిందని చెప్పే సాక్షులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. వారిలో చాలామంది ఒకరికొకరు చెప్పుకున్నవారు, ఒకే రకం సలహాదారు దగ్గరికి వెళ్లినవారు, పైగా కలిసిరానివారు ఆ కబురు చెప్పరు. ఇక్కడ ర విలువ ఒకటికి ఎంతో దూరంలో ఉండదు.

ఇక సాహిత్యానికి వద్దాం, ఎందుకంటే ఈ ఆలోచనను అన్నిటికంటే సునిశితంగా వాడినవారు, పాత ప్రతులను పోల్చి కవి రాసిన అసలు పాఠాన్ని తేల్చే తాళపత్ర పరిష్కర్తలే. ఒక కావ్యానికి పది ప్రతులు దొరికి, తొమ్మిదింటిలో ఒక పాఠం, ఒక్కదానిలో మరో పాఠం ఉంటే ఓట్లు లెక్కపెట్టి తేల్చకూడదు. ఆ తొమ్మిదీ ఒకే మాతృకను చూసి రాసినవయితే అవి తొమ్మిది కావు, ఒకటే. మరి ఒకే మాతృక అని ఎలా తెలుస్తుంది? పరీక్ష జవాబుపత్రాలు దిద్దేవారికి ఇది బాగా తెలుసు. ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే ఏమీ తేలదు, ఇద్దరూ ఒకే విచిత్రమైన తప్పు రాస్తేనే ఒకరు మరొకరిది చూశారని తేలుతుంది. ప్రతులకూ అంతే, సరైన పాఠాలు బంధుత్వాన్ని చెప్పవు, పొత్తులో ఉన్న తప్పులే చెబుతాయి.

అయితే ప్రతి తప్పూ పనికిరాదు. గంటంతో రాసేవాడి కన్ను ఒక పంక్తి చివరి మాట మీద నుంచి, అదే మాటతో ముగిసే మరో పంక్తి మీదికి జారితే మధ్యలోనిది పోతుంది, ఇది ఎవరికి వారుగా ఇద్దరికి జరగవచ్చు. ప, వ అక్షరాలు ఒకదానికొకటి పొరబడటం మరీ సులువు. 'పాడి' అన్న చోట 'వాడి' అని రాస్తే రెండూ అర్థమున్న మాటలే. ఇక్కడ తెలుగు పద్యానికి ఒక సొంత కాపలా ఉంది. ఉత్పలమాల అయితే భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు కుదరాలి, పదో అక్షరానికి యతి చెల్లాలి, రెండో అక్షరానికి ప్రాస కుదరాలి. అక్షరం జారినా, గురువు లఘువైనా గణం దొరకబుచ్చుకుంటుంది. కానీ పాడి, వాడి రెండింటిలోనూ గురువు తర్వాత లఘువే, కాబట్టి గణానికి తేడా తెలియదు. యతికీ తెలియదు, ఎందుకంటే ప, ఫ, బ, భ, వలు యతిమైత్రిలో ఒకే కుటుంబం. రాసేవాడి కన్ను ఎక్కడ మోసపోతుందో, కాపలా కూడా అక్కడే నిద్రపోయింది. ఆ అక్షరం పాదంలో రెండోదైతే ప్రాస పట్టుకోవచ్చు, లేకుంటే వేరే వంశానికి చెందిన ప్రతి ఒక్కటైనా దొరకాలి.

జీవశాస్త్రం కూడా ఇదే దారిన వచ్చింది. సి విటమిన్‌ను తయారుచేసే జన్యువు మనుషుల్లోనూ చింపాంజీల్లోనూ పాడైపోయింది, ఆ పాడైన తీరులో పొత్తు ఉంది. గినీ పందుల్లోనూ ఆ జన్యువు పాడైంది కానీ తీరు వేరు. పనిచేసే జన్యువుల పోలిక కంటే పనికిరాని జన్యువులో ఒకే రకం లోపం చుట్టరికానికి గట్టి సాక్ష్యం.

చరిత్రలో స్వతంత్ర సాక్ష్యం ఎలా ఉంటుందో సింహాచలం శాసనాల వంటివి చూపుతాయి. శక సంవత్సరంతో పాటు అరవైలో ఒకటైన సంవత్సరం పేరు, తిథి, వారం ఇచ్చే శాసనాలు ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయలు సింహాచలం వచ్చిన 1516ను తీసుకుంటే, అది శక 1438, ధాత నామ సంవత్సరం. ఎవరైనా 1438ను 1428గా చదివితే అది క్షయ అవుతుంది, పేరుతో కుదరదు. వారం ఊరికే కుదిరే అవకాశం ఏడింట ఒకటి, తిథికి ముప్పయింట ఒకటి. రెండూ కలిసి కుదిరితే 210లో ఒకటి. చంద్రుడి నడకకు శిల్పి ఉలితో ఏ పొత్తూ లేదు, కాబట్టి ఈ సాక్ష్యం నిజంగా రెండోదే.

విశాఖ దగ్గరి తొట్లకొండ విషయం అంత సులువు కాదు. 1976లో నౌకాదళం స్థావరం కోసం చేసిన గాలింపులో బయటపడిన ఈ బౌద్ధ ఆరామంలో, 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు, బ్రాహ్మీ శాసనాలు దొరికాయి. నాణెం ఉందంటే ఆ పొర నాణెం అచ్చయిన తర్వాతిదని మాత్రమే తెలుస్తుంది, అది ఎన్ని తరాలు చేతులు మారిందో తెలియదు. బ్రాహ్మీ అక్షరాల రూపాన్ని బట్టి కాలం చెప్పాలంటే పోల్చుకోవడానికి మరో శాసనం కావాలి, దాని కాలాన్ని కూడా అక్షరాల రూపం చూసే చెప్పి ఉంటే ఇద్దరూ ఒకరినొకరు అడిగినట్టే. అటువంటి చోట దొరికిన దూలపు బొగ్గును 5,730 సంవత్సరాల అర్ధాయువున్న కార్బన్–14తో పరీక్షించినా, ఆ పద్ధతి ఆ కలప పెరిగిన కాలాన్నే చెబుతుంది. చెట్టు పడిన రోజు, కట్టడం లేచిన రోజు దానికి తెలియవు. పాత కట్టడం దూలాన్ని తెచ్చి కొత్తదానికి వేసి ఉంటే, దాని నుంచి పది ముక్కలు తీసి పది ప్రయోగశాలలకు పంపినా పదీ ఒకే రకంగా పాతదని చెబుతాయి. అందుకే తవ్వేవారు బొగ్గు దుంగలను పక్కన పెట్టి, ఆ పొరలోనే కాలిన వడ్లో పప్పు గింజలో దొరుకుతాయేమోనని మట్టిని నీళ్లలో కలిపి తేలినవాటిని జల్లెడ పడతారు. ఒక్క పంటకాలం మాత్రమే బతికిన గింజకు వందేళ్ల పాతదనం అంటదు.