కావాలని చెత్తగా తీస్తే హిట్టవుతుందా? ఒక ఎడిటర్ గోడు

"బాగా రాకపోయినా పర్లేదన్నా, జనం ట్రోల్ చేస్తే చాలు. ఫ్రీ పబ్లిసిటీ." ఎడిటింగ్ రూమ్‌లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అప్పు తెచ్చి మరీ ఈ మాట అనేవాళ్లుంటారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: కావాలని చెత్తగా తీస్తే జనం ఎగబడి చూస్తారు.

వాస్తవం: చూడరు. చెత్త సినిమాలో నవ్వొచ్చేది తప్పుకి కాదు. తీసినవాడు మనసులో ఏం అనుకున్నాడు, తెరమీద ఏం పడింది, ఆ రెంటి మధ్య దూరానికి. చెత్త సినిమాగా పేరుపడ్డ పాత అమెరికన్ సినిమా 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' సంగతే చూడండి. అందులో కనిపించే నటుడు బేలా లుగోసి 1956లో చనిపోయాడు. చేతిలో ఉన్నది ఆయన మీద తీసిన కాస్త ఫుటేజీ. మిగతా షాట్లకి డైరెక్టర్ ఎడ్ వుడ్ తన భార్యకి వైద్యం చేసే కైరోప్రాక్టర్‌ని (వెన్నెముక సరిచేసే వైద్యుడిని) తెచ్చి, ముఖానికి కేప్ అడ్డం పెట్టించి నడిపించాడు. ఆయనేమో లుగోసి కంటే పొడుగు! ఎవరూ కనిపెట్టరని వుడ్ నిజంగానే నమ్మాడు. ఇన్నేళ్లయినా మనం నవ్వేది ఆ నమ్మకాన్ని చూసే. 'ది రూమ్' (2003) కూడా అంతే, సీరియస్ డ్రామా అనుకునే తీశారు. ఇప్పుడు ఆ షోలకి వెళ్లేవాళ్లు ప్లాస్టిక్ చెంచాలు పట్టుకెళ్లి తెరమీదకి విసురుతారు.

నా అనుభవం ఒకటి చెప్తా. ఒకాయన పక్కా ప్లాన్‌తో ఫ్రేమ్‌లోకి మైకు దించాడు, విగ్గు ఊడగొట్టించాడు. రఫ్ కట్ (సీన్లన్నీ మొదటిసారి అతికించిన కాపీ) వేస్తే రూమ్‌లో చప్పుడు లేదు. తర్వాత తల్లి చనిపోయే సీను వచ్చింది. అదొక్కటే ఆయన ప్రాణం పెట్టి తీశాడు. హీరోకి గ్లిజరిన్ ఒక కంట్లోనే పనిచేసింది. ఎడమకన్ను ధారగా కారుతోంది, కుడికన్ను మాత్రం పొడిగా కెమెరా వైపే చూస్తోంది. నా అసిస్టెంట్ కుర్చీలోంచి జారిపోయాడు. డైరెక్టర్ ముఖం మాడిపోయింది.

"ఆ సీను లేపెయ్ అన్నా," అన్నాడు. సినిమాలో పనికొచ్చేది అదొక్కటే అని చెప్పినా వినలేదు.

ఇంకో అపోహ, చెత్త సినిమా తీసినవాళ్లు కష్టపడరని. 'మానోస్' (1966) అనే ఇంకో చెత్త సినిమా తీసిన కెమెరా ఒక్కసారికి 32 సెకన్లే తిరిగేది. దాంతో సినిమా మొత్తం లాగారు, గొంతులన్నీ తర్వాత డబ్బింగే. అది సోమరితనమా?

వెక్కిరించేవాళ్లకి సినిమా మీద ప్రేమ లేదన్నది ఉత్త మాట. చెత్త సినిమాలు వేసి వాటిమీద జోకులేసే అమెరికన్ టీవీ షో, 1988లో మొదలైన 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' వాళ్లు ఒక్కో సినిమాని పదేపదే చూసి జోకులు రాసేవాళ్లు. మూలపడి ఉన్న ఆ 'మానోస్'ని 1993లో బయటికి లాగింది కూడా వాళ్లే.

ఇక మొదటి సినిమా మీద మీమ్స్ చూసి నిద్రపట్టట్లేదని ఫోన్ చేసే తమ్ముళ్లూ, మీతో ఒక్క మాట. చప్పగా ఉన్న సినిమా మీద ఎవడూ మీమ్ వెయ్యడు, పావుగంటకే ఆపేసి పడుకుంటాడు. నేను కట్ చేసినవాటిలో అలాంటివే ఎక్కువ, వాటి పేర్లు నాకే గుర్తులేవు. ఆ ఒంటికన్ను ఏడుపు మాత్రం హార్డ్ డిస్క్‌లో దాచుకున్నా.