సేఫ్టీ వేసి ఉన్న రైఫిల్ పేలదా? అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు చేసుకునేవారికి, బ్యాంకు కాపలా ఉద్యోగాల్లో చేరబోయే మాజీ సైనికులకు, షూటింగ్ పోటీలకు తయారయ్యే పిల్లలకు ఆయుధాన్ని జాగ్రత్తగా పట్టుకోవడం నేర్పడం నా వృత్తి. మీ తుపాకీ మూతి పక్కనున్న మనిషి వైపు తిరిగిందని నేను హెచ్చరించిన ప్రతిసారీ దాదాపు ఒకే జవాబు వస్తుంది: "సేఫ్టీ వేసే ఉంది మాస్టారూ." ఇటీవల దీనికి మరో ప్రశ్న తోడైంది. ఇక్కడి నుంచి వెళ్లి టెక్సాస్‌లో స్థిరపడి, అక్కడి చట్టం ప్రకారం లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్తున్న నా పాత విద్యార్థులు ఫోను చేసి, సేఫ్టీ తీసేటప్పుడు వచ్చే చప్పుడుకు జంతువు బెదిరిపోతోంది కాబట్టి దాన్ని ముందే తీసి ఉంచుకుంటే తప్పేమిటని అడుగుతున్నారు. ఒకరు సేఫ్టీని అతిగా నమ్ముతున్నారు, ఇంకొకరు దాన్ని అడ్డంకిగా చూస్తున్నారు. అది అసలు ఏం చేస్తుందో ఇద్దరికీ ఎవరూ సరిగా చెప్పలేదు.

అపోహ: సేఫ్టీ వేసి ఉంటే తుపాకీ పేలదు.

వాస్తవం: ప్రాణాలు తీసే అపోహ ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువగా చెబుతాను. సేఫ్టీ అనేది తుపాకీలోని ఏదో ఒక భాగాన్ని కదలకుండా ఆపే చిన్న మీట మాత్రమే. ఏ భాగాన్ని ఆపుతుందన్నది తుపాకీని బట్టి మారుతుంది. మౌజర్ 98 తరహా రైఫిల్‌లో బోల్టు (తూటాను లోపలికి తోసి గొట్టాన్ని మూసే భాగం) వెనుక ఉండే రెక్కలాంటి సేఫ్టీ, ఫైరింగ్ పిన్‌ను (తూటాను కొట్టి పేల్చే సూదిలాంటి భాగాన్ని) కదిలించే కాకింగ్ పీస్‌నే వెనక్కి పట్టి ఉంచుతుంది. అందుకే దానికి మంచి పేరు. మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర తరచుగా కనిపించే .315 బోల్టు రైఫిల్ పాత లీ-ఎన్‌ఫీల్డ్ నమూనాలోనిది. దాని ఎడమ వైపు మీట కూడా కాకింగ్ పీస్‌ను పట్టి ఉంచుతుంది, బోల్టును కూడా తిరగనివ్వదు. చాలా రకాల తుపాకుల్లో మాత్రం సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌ను ఒక్కదాన్నే. ట్రిగ్గర్ కదలకపోయినా, లోపల బిగుతైన స్ప్రింగుతో ఎక్కుపెట్టి ఉన్న సుత్తి గాని, ఫైరింగ్ పిన్ గాని సన్నని అంచు మీద ఆగి ఉంటుంది. ఆ అంచు అరిగిపోయినా, దాని మీద మడ్డి పేరుకున్నా, ఎవరైనా ట్రిగ్గర్ తేలికగా ఉండాలని ఆకురాయితో రుద్దినా, ఒక గట్టి కుదుపుకు అది జారిపోవచ్చు.

మాటలతో నమ్మనివారికి తరగతిలో చేసి చూపిస్తాను. బాగా అరిగిపోయిన ఒక పాత డబుల్ బ్యారెల్ తుపాకీని తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని అందరి చేతా చూపించి, డమ్మీ తూటాలు పెట్టి, సేఫ్టీ వేసి, తుపాకీ మడమను, అంటే భుజానికి ఆనించే చివరను, రబ్బరు పరుపు మీద గట్టిగా దించుతాను. ఒక్కోసారి ఏమీ జరగదు. ఒక్కోసారి ట్రిగ్గర్‌ను ఎవరూ ముట్టకుండానే లోపల సుత్తి పడిన చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. అందులో అసలు తూటా ఉండి ఉంటే ఏమయ్యేదో వివరించాల్సిన అవసరం రాదు. నర్సీపట్నం వైపు నుంచి వచ్చిన ఒక రైతు ఆ చప్పుడు విన్నాక, తమ ఇంట్లో తాతగారి నాటి తుపాకీని తూటాలతో సహా బీరువా పక్కన గోడకు ఆనించి ఉంచుతున్నామని, సేఫ్టీ వేసి ఉంది కదా అని పిల్లలను కూడా అక్కడే ఆడుకోనిస్తున్నామని చెప్పి, ఆ పూటే ఇంటికి ఫోను చేసి పిల్లలను ఆ గదిలోకి వెళ్లనివ్వవద్దని భార్యకు చెప్పారు.

మరొక విషయం చాలామందికి తట్టదు. .315లో సేఫ్టీ వేసి ఉన్నంతసేపూ బోల్టు తెరుచుకోదు కాబట్టి తూటాలు తీసేయాలంటే ముందు సేఫ్టీ తీయక తప్పదు. అంటే తుపాకీని ఖాళీ చేసే ఆ క్షణంలో సేఫ్టీ మిమ్మల్ని ఏ మాత్రమూ కాపాడదు; కాపాడేవి తుపాకీ మూతి ఉన్న దిక్కు, ట్రిగ్గర్ గార్డుకు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీకి) బయట చాచి ఉంచిన వేలు. మౌజర్ 98లో రెక్కను నిలువుగా మధ్య స్థానంలో ఉంచితే ఫైరింగ్ పిన్ ఆగి ఉండగానే బోల్టు తెరవవచ్చు. మీ తుపాకీ ఏ రకానిదో తెలియకుండా దాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు. మూతి ఎప్పుడూ మనుషులు లేని వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి, కాల్చే అవసరం వచ్చేదాకా ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉండాలి. సేఫ్టీ ఈ మూడింటి తర్వాత వచ్చే నాలుగో రక్షణ. సైకిలుకు తాళం వేశాం కదా అని బ్రేకులు పీకేసే వాళ్లు ఉండరు, కానీ తుపాకీ విషయంలో సరిగ్గా అదే జరుగుతోంది.

ఇంట్లో తుపాకీ ఉందన్న భయంతో నిద్ర పట్టని ఇల్లాళ్లు కూడా నా దగ్గరకు వస్తుంటారు. అది దానంతటదే పేలుతుందా అని వారు అడిగినప్పుడు పక్కనున్న మగవాళ్లు నవ్వడం నాకు నచ్చదు, ఎందుకంటే ఆ భయంలో అర్థం ఉంది. అమ్మా, తూటా లేని తుపాకీ పేలదు. తుపాకీని ఒక చోట, తూటాలను మరొక చోట వేర్వేరుగా తాళం వేసి ఉంచమని మీవారికి చెప్పండి, ఛాంబర్ ఖాళీగా ఉందని మీ కళ్లతో మీరు చూడండి. ఆ తర్వాత నిశ్చింతగా నిద్రపోవచ్చు.

అపోహ: చప్పుడు రాకూడదంటే సేఫ్టీ ముందే తీసి ఉంచాలి.

వాస్తవం: చప్పుడు ఎందుకు వస్తుందో తెలిస్తే ఈ ఆలోచనే రాదు. మీట ఒక స్థానం నుంచి మరో స్థానానికి జారేటప్పుడు, లోపల స్ప్రింగు మీద ఉండే చిన్న బంతి గాని మొన గాని గాడిలో టక్కున పడుతుంది. మీటను బొటనవేలితో ఒక్క తోపు తోసి వదిలేస్తే ఆ దెబ్బ అంతా చప్పుడుగా మారుతుంది. అడవిలో సహజంగా వినిపించని ఆ లోహపు శబ్దానికి దగ్గర్లో ఉన్న జింక తల ఎత్తడం సహజమే. కాబట్టి మీటను వదలకుండా చివరిదాకా నడిపించడం నేర్చుకోవాలి. రెక్కలాంటి సేఫ్టీని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టుకుని మెల్లగా తిప్పాలి. తుపాకీ మెడ మీద జారే రకాన్ని బొటనవేలితో కిందికి అదిమి పట్టి ముందుకు జరపాలి. ట్రిగ్గర్ గార్డు దగ్గర అడ్డంగా ఉండే బొత్తాం రకానికి రెండు వైపులా రెండు వేళ్లు ఆనించి, ఒకటి నొక్కుతుంటే మరొకటి ఎదురు పట్టి నెమ్మదిగా రానివ్వాలి. అప్పుడు కూడా ఆ వేలు గార్డు లోపలికి జారకూడదు. తూటాలు మరో గదిలో పెట్టి, ఖాళీ రైఫిల్‌తో గోడ వైపు తిరిగి రోజూ కొంతసేపు సాధన చేస్తే చప్పుడు దాదాపు వినిపించనంతగా తగ్గుతుంది.

ఎప్పుడు తీయాలన్నది అంతకంటే ముఖ్యం. జంతువు ఏదో నిస్సందేహంగా గుర్తించి, దాని వెనుక గుండును ఆపే మట్టి గట్టు ఉందని చూసి, రైఫిల్ భుజానికి ఆనాక, వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లే ముందు తీయాలి. కాల్చకుండా ఊరుకుంటే రైఫిల్ దించక ముందే మళ్లీ వేయాలి. అప్పుడు చప్పుడు వచ్చినా పరవాలేదు. తీసి ఉంచి పొదల్లో నడిస్తే ఒక కొమ్మ చాలు, ఒక జారుడు రాయి చాలు, ముందు నడుస్తున్న స్నేహితుడి వీపు చాలు. చప్పుడు తగ్గించాలని మీటను సగంలో ఆపి ఉంచేవారిని కూడా చూశాను. అది పూర్తిగా పట్టుకోనూ పట్టుకోదు, పూర్తిగా వదలనూ వదలదు కాబట్టి దానిని సేఫ్టీ అనడానికి వీల్లేదు. కంచె దాటేటప్పుడు, మంచె ఎక్కేటప్పుడు సేఫ్టీతో సరిపెట్టుకోకుండా తూటాలు తీసేయాలి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవారు వేటకు ముందు భద్రతా శిక్షణ పూర్తి చేయాలన్న నియమం ఉంది. దానిని కాగితం కోసం గాక నేర్చుకోవడం కోసం పూర్తి చేయమని మావాళ్లకు చెబుతుంటాను.

మిగిలినవి త్వరగా చెబుతాను. ట్రిగ్గర్ నొక్కి సేఫ్టీ పనిచేస్తోందో లేదో చూడవచ్చంటారు. తూటా ఉన్న తుపాకీతో ఆ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు. డబుల్ బ్యారెల్ తెరవగానే సేఫ్టీ తనంతట తానే పడుతుందంటారు. కొన్నింట్లో పడుతుంది, కొన్నింట్లో ఆ ఏర్పాటే ఉండదు. లైసెన్సు ఉంటే వేటాడవచ్చంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో వేట నిషేధం, వేటకు ప్రయత్నించడం కూడా వేటగానే లెక్క. పొలం పాడుచేసే అడవిపందుల బాధ నిజమే అయినా, వాటి విషయంలో చట్టం అనుమతించిన అధికారి ఉత్తర్వు లేకుండా ఎవరూ తుపాకీ ఎత్తకూడదు. కంబాలకొండ వంటి అభయారణ్యంలోకి ముందస్తు లిఖిత అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టడమే నేరం.

చివరిగా మన ఊరికి ప్రత్యేకమైన బెడద ఒకటుంది. ఉప్పుగాలికి సేఫ్టీ మీట, దాని స్ప్రింగు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. అప్పుడు కొందరు కొబ్బరినూనె పోస్తారు, ఇంకొందరు చిక్కటి గ్రీజు దట్టిస్తారు. కొన్నాళ్లకు అది జిగురుగా మారి మీటను సగంలోనే ఆపేస్తుంది. తుపాకీకి వాడే పల్చటి నూనెను గుడ్డకు అద్ది తుడిస్తే చాలు, అదీ వర్షాకాలంలో మరింత తరచుగా. అయినా మీట పట్టేస్తుంటే, లేదా చేత్తో తాకగానే వదులుగా కదులుతుంటే, ఊళ్లో లేత్ పని చేసేవారి దగ్గరకు తీసుకువెళ్లవద్దు. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి. అలాంటి లైసెన్సు ఉన్నవారికే ఇచ్చి, పని పూర్తయ్యాక సేఫ్టీని డమ్మీ తూటాలతో మీ ఎదుటే పరీక్షించి చూపమని అడగండి.