ఆసుపత్రిలో ఊడదీయగలిగే గోడ

పిల్లలూ, ఆశీస్సులు.

ఆసుపత్రి బొమ్మ గీయమంటే మీరు ముందుగా మంచాలు గీస్తారు. ప్లాను గీసేవాళ్లు అంతకంటే ముందు రెండు చూసుకుంటారు: నర్సుకు ఎవరెవరు కనబడాలి, గాలి ఎటు పోవాలి. 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ మంచిదని చెప్పిన వార్డు ఒకే పొడవాటి గది. అటూ ఇటూ ఎదురెదురు కిటికీలు, 30 దాకా మంచాలు. నర్సు చూపు ఆనినంత మేరే వార్డు.

ఇప్పుడు ఆ చూపులో కొంత పని సెన్సర్లు చేస్తున్నాయి. నాడి, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ తెర మీదే తెలుస్తాయి కాబట్టి మంచానికో గది కట్టొచ్చు. అయితే వేలికి పెట్టిన క్లిప్పు జారినా అలారం మోగుతుంది, రోగి పక్కకు ఒత్తిగిల్లినా మోగుతుంది. రోజంతా ఉత్తుత్తి మోతలు విన్న చెవి అసలు మోతకు ఉలిక్కిపడదు. అందుకే రెండేసి గదుల మధ్య నర్సుకు చిన్న బల్ల, ఇరువైపులా గాజు కిటికీ ఉండాలంటాను. తెర మీద గీతలన్నీ సవ్యంగానే ఉన్నా, మంచం దిగబోయి తూలే మనిషి కనబడేది ఆ కిటికీలోంచే.

గాలి సంగతి ఇంకాస్త చిక్కు. గాలి ద్వారా అంటుకునే జబ్బున్న రోగి గదిలో గాలి బయటికి రాకుండా ఒత్తిడి వరండాలోకంటే కనీసం 2.5 పాస్కల్స్ తక్కువ ఉండాలి, గంటకు 12 సార్లు గాలి మారాలి. ఆపరేషన్ థియేటర్‌లో ఇది తిరగబడుతుంది: బయటి గాలి లోపలికి రాకుండా లోపలే ఒత్తిడి ఎక్కువ, గాలి మారడం గంటకు 20 సార్లు. మామూలు గదిని కంప్యూటర్ ఒక్క ఆదేశంతో ఐసోలేషన్ గదిగా, అంటే అంటుజబ్బు రోగిని విడిగా ఉంచే గదిగా మార్చేస్తుందంటారు. మారుస్తుంది, ఆ గదికి విడిగా బయటికి పోయే గాలి గొట్టం, ఫ్యాను, సందుల్లేని సీలింగు ముందే కట్టి ఉంటే. ఎవరైనా తలుపుకు స్టూలు అడ్డం పెట్టారో, ఆ 2.5 పాస్కల్సూ గాలికి పోయినట్టే.

ఏఐ ఎక్కువగా అక్కరకొచ్చేది పునాది తవ్వకముందు. రోగులు వచ్చే వేళలు, పరీక్షకు పట్టే సమయం, లిఫ్టు ఎక్కిదిగే లెక్కలు ఇస్తే, ప్లాను మీదే వేల రోజులు నడిపి స్ట్రెచర్లు ఎక్కడ ఇరుక్కుంటాయో చూపిస్తుంది. కాని అది నేర్చుకునేది పాత భవనం రికార్డుల నుంచి. అక్కడ ఒక లిఫ్టు ఎప్పుడూ చెడిపోయి ఉండి జనం చుట్టు తిరిగి వెళ్లేవారనుకోండి. ఈ దారిన ఎవరూ నడవరని దానికి అర్థమై, కొత్త ప్లానులో ఆ దారినే ఇరుకు చేస్తుంది. పగలూ రాత్రీ వరండాలో నిలబడి చేత్తో లెక్కపెట్టిన కాగితంతో పోల్చకుండా దాని మాట నమ్మొద్దు.

ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గదులు, దాచే గదులు పోయాయి. బదులుగా ఆ బొమ్మలు దాచే కంప్యూటర్లుండే, 24 గంటలూ చల్లగా ఉండాల్సిన సర్వర్ గది వచ్చింది. దాన్ని సెల్లార్‌లో పెట్టకండి. 2012లో శాండీ తుఫానుకు న్యూయార్క్‌లోని ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రి సెల్లార్‌లోకి నీళ్లొచ్చి, అత్యవసర కరెంటు కూడా పోయి, రోగుల్ని మెట్ల మీదుగా మోసుకు దించారు.

ఇక ఎంఆర్ఐ, అంటే అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మలు తీసే యంత్రం. భవనం 50 ఏళ్లు నిలుస్తుంది, యంత్రం అంతకు చాలా ముందే పాతబడుతుంది. దాని అయస్కాంతం టన్నుల బరువు, తలుపులో పట్టదు. గది చుట్టూ బయటి రేడియో తరంగాలు రాకుండా రాగిరేకు తొడుగు కూడా ఉంటుంది. కాబట్టి బయటివైపు గోడలో ఒక భాగాన్ని రేకుతో సహా ఊడదీసేలా కట్టాలి, దాని ముందు క్రేను నిలిచే చోటు వదలాలి. పక్కన స్టోరు గది పెట్టండి, రేపు పెద్ద యంత్రం వస్తే సామాన్లు తీసి కలుపుకోవచ్చు. ఆ ఊడదీసే గోడలో మాత్రం నీళ్ల పైపులు పెట్టకండి.

మీ తాతయ్య