పాలపళ్ళలో దొరికిన బాంబు

మన ఇళ్ళల్లో పిల్లలకి పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదకి విసిరేయమంటాం. అమెరికాలో అయితే దిండు కింద పెట్టుకుని పడుకుంటారు, రాత్రి దేవత వచ్చి పన్ను తీసుకుని చిల్లర పెట్టి వెళ్తుందని పిల్లల నమ్మకం. 1958 డిసెంబర్‌లో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో కొంతమంది సైంటిస్టులు, డాక్టర్లు, గృహిణులు కలిసి ఊళ్ళో పిల్లల్ని ఆ పన్ను మాకు పంపండి అని అడగడం మొదలుపెట్టారు. పంపిన వాళ్ళకి 'నా పన్ను సైన్సుకి ఇచ్చాను' అని రాసున్న బ్యాడ్జి ఇచ్చేవాళ్ళు. 1970 దాకా సాగిన ఈ సర్వేకి దాదాపు 3,20,000 పళ్ళు వచ్చాయి. కోల్డ్ వార్ అనగానే మనకి క్యూబా, బెర్లిన్ గోడ, గూఢచారులు గుర్తొస్తారు గానీ, ఆ పోటీ అమెరికా, సోవియట్ యూనియన్ రెండిట్లోనూ సొంత జనాన్ని ఏం చేసిందో తెలియాలంటే ఈ పళ్ళ కవర్ల దగ్గర నుంచి మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది.

పళ్ళలో వెతికింది స్ట్రాన్షియం-90 కోసం. బాంబులో యురేనియం గానీ ప్లుటోనియం గానీ చీలినప్పుడు పుట్టే పదార్థాల్లో ఇదొకటి. పీరియాడిక్ టేబుల్‌లో కాల్షియం ఉన్న నిలువు వరసలోనే ఉంటుంది, రెండిటి కెమిస్ట్రీ బాగా దగ్గర, అందుకే కాల్షియం వెళ్ళే దారిలోనే ఇదీ వెళ్తుంది. బాంబు పేలాక పైకి లేచిన పొడి గాలుల్లో కొట్టుకుపోయి ఎక్కడో వానతో కిందకి దిగుతుంది, గడ్డి మీద పడుతుంది, ఆ గడ్డి ఆవు మేస్తుంది, పాలల్లోకి వస్తుంది, ఆ పాలు తాగిన పిల్లల ఎముకల్లో, పళ్ళలో చేరి కూర్చుంటుంది. దాని హాఫ్ లైఫ్, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 29 ఏళ్ళు. ఎముకలో ఉండి ఏళ్ళ తరబడి బీటా కణాలు విడుస్తూ ఉంటే పక్కనే ఉన్న మజ్జకి తగులుతాయి కాబట్టి బోన్ కాన్సర్, లుకేమియా భయం. పెద్దవాళ్ళకన్నా పిల్లలకే ఎక్కువ సమస్య, ఎందుకంటే వాళ్ళ ఎముకలు అప్పుడే కడుతున్నాయి, వాళ్ళు తాగేదీ పాలే.

మరి పళ్ళే ఎందుకు అంటే, ఎముక జీవితాంతం కరుగుతూ మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. పాలపన్ను పైభాగం అలా కాదు, కొంత తల్లి కడుపులో, మిగతాది పుట్టిన మొదటి ఏడాదిలో తయారై అక్కడితో ఆగిపోతుంది, ఆ టైంలో ఒంట్లో ఎంత స్ట్రాన్షియం ఉందో అంతా అందులో రికార్డు అయిపోతుంది. పైగా ఆరేడేళ్ళకి దానంతట అదే ఊడి చేతికొస్తుంది, ఎవర్నీ కోయక్కర్లేదు, ఎవరికీ నొప్పి లేదు. హెర్మన్ కల్కర్ అనే బయోకెమిస్ట్ 1958లో నేచర్ పత్రికలో ఈ ఐడియా రాసాడు, సెయింట్ లూయిస్ వాళ్ళు దాన్ని పట్టుకున్నారు.

ఇంతకీ ఆ బూడిద ఎక్కడిది? 1949 ఆగస్ట్ 29న సోవియట్ యూనియన్ కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్స్క్ దగ్గర తన మొదటి అణుబాంబు పేల్చింది, అమెరికా అనుకున్నదానికన్నా చాలా ముందే. ఇక అక్కడ నుంచి పోటీ ఆగలేదు. పసిఫిక్ దీవుల దాకా పోయి టెస్టులు చెయ్యడం ఖర్చు, ఆలస్యం అని 1951 జనవరి నుంచి అమెరికా తన సొంత నెవాడా ఎడారిలోనే పేల్చడం మొదలుపెట్టింది, 1962 వరకు అక్కడ నేల పైన పేల్చినవే 100. గాలి లాస్ వేగాస్ వైపు లేనప్పుడు చూసి పేల్చేవాళ్ళు, అంటే తూర్పుగా యూటా రాష్ట్రం వైపు ఉన్నప్పుడన్నమాట, అక్కడ ఉండేది చిన్న చిన్న ఊళ్ళు, గొర్రెల మందలు. 1953లో అక్కడ వేల గొర్రెలు చచ్చిపోతే అణుబాంబుల పని చూసే ప్రభుత్వ సంస్థ అటామిక్ ఎనర్జీ కమిషన్ మా రేడియేషన్ కాదు అంది, కాపరులు కోర్టుకెళ్ళి 1956లో ఓడిపోయారు, 1982లో అదే జడ్జి అప్పట్లో గవర్నమెంట్ కోర్టునే మోసం చేసిందని తీర్పిచ్చాడు, ఆ తీర్పుని మళ్ళీ పై కోర్టు కొట్టేసింది.

యూటాతో ఆగితే దేశం మొత్తానికి తెలిసేది కాదేమో. 1953 ఏప్రిల్ 25న నెవాడాలో సైమన్ అనే బాంబు పేల్చారు. ఒకట్రెండు రోజుల్లోనే 3,500 కిలోమీటర్లకి పైగా దూరంలో న్యూయార్క్ రాష్ట్రం ట్రాయ్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో స్టూడెంట్ల గైగర్ కౌంటర్లు (రేడియేషన్ కొలిచే పరికరాలు) ఒక్కసారిగా గోల పెట్టడం మొదలుపెట్టాయి, ముందు పరికరాలు పాడయ్యాయేమో అనుకున్నారు, తీరా బయటికెళ్ళి చూస్తే రాత్రి ఉరుములతో పడిన వానలో వచ్చింది ఆ బూడిద. సగటు చూస్తే తక్కువే అని కమిషన్ చెప్పేది, ఆ సగటు లెక్క చాలావరకు నిజమే కూడా. కానీ వాన సగటు చూసుకుని పడదు కదా, ఒక ఊరి మీద దంచుతుంది, పక్క ఊరికి చుక్క పడదు.

నాకు చాలా కోపం తెప్పించే సంగతి కొడాక్ కంపెనీది. 1945లో ట్రినిటీ టెస్ట్, అంటే మొట్టమొదటి అణుబాంబు పేలుడు, తర్వాత వాళ్ళ ఎక్స్‌రే ఫిల్ముల మీద మచ్చలొచ్చాయి, కంపెనీ సైంటిస్ట్ ఆరా తీస్తే ప్యాకింగ్ అట్ట ఇండియానాలో ఒక నది నీళ్ళతో తయారైందని, బాంబు బూడిద ఆ నీళ్ళలోకి చేరిందని తేలింది. 1951లో నెవాడా టెస్టులు మొదలవగానే కంపెనీ ఉన్న రోచెస్టర్‌లో కురిసిన మంచులో మళ్ళీ రేడియేషన్ కనిపించింది, కంపెనీ గట్టిగా అడిగితే కమిషన్ ఇకపై టెస్టుల సంగతి మీకు ముందే చెప్తాం అని ఒప్పుకుంది. ఫిల్ము పాడవకుండా కంపెనీకి కబురు అందింది, అదే వాన పడిన పొలాల్లో ఆవుల్ని మేపుకునే వాళ్ళకి అందలేదు, ఆ పాలు సీసాల్లో పోసి పిల్లలకి పట్టిన తల్లులకి అందలేదు.

అలాగని గవర్నమెంట్‌కి తెలియక కాదు. స్ట్రాన్షియం ప్రపంచమంతా ఎలా పరుచుకుంటోందో లెక్కకట్టడానికి 1953లోనే ప్రాజెక్ట్ సన్‌షైన్ అని రహస్యంగా మొదలుపెట్టారు. దానికి మనుషుల ఎముకలు కావాలి, ముఖ్యంగా చిన్నపిల్లలవి. 1955 జనవరిలో జరిగిన ఒక మీటింగ్‌లో కమిషన్ సభ్యుడు విలార్డ్ లిబ్బీ, శవాలు ఎత్తుకురావడం ఎవరికైనా బాగా వచ్చుంటే వాళ్ళు దేశానికి సేవ చేసినట్టే అన్నాడు. ఈ మాట 1990లలో ఆ పేపర్లు బయటపెట్టాకే జనానికి తెలిసింది. చనిపోయిన పసిపిల్లల ఎముకలు వేరే దేశాల నుంచి కూడా తెప్పించారు, చాలామంది తల్లిదండ్రులకి ఆ విషయమే తెలియదు. ఈ లిబ్బీ మామూలు మనిషి కాదు, పాత వస్తువుల వయసు చెప్పే కార్బన్ డేటింగ్ కనిపెట్టి తర్వాత నోబెల్ తీసుకున్నవాడు. స్ట్రాన్షియం గురించి ఆ ప్రాజెక్ట్ చేసిన సైన్స్ కూడా మంచి సైన్సే. దాన్ని జనం దగ్గర దాచిపెట్టి చెయ్యడం దగ్గరే నా అభ్యంతరమంతా.

ఆ రోజుల్లో ఎదురు ప్రశ్న వెయ్యడం అంత తేలిక కాదు మరి. 1947లో ప్రెసిడెంట్ ట్రూమన్ ఫెడరల్ ఉద్యోగుల విధేయత తనిఖీలు పెట్టాడు, 1950 ఫిబ్రవరిలో సెనేటర్ మెకార్థీ విదేశాంగ శాఖ నిండా కమ్యూనిస్టులే అని మొదలెట్టాడు, 1953లో సోవియట్లకి గూఢచర్యం చేసారని రోజెన్‌బర్గ్ దంపతుల్ని ఎలక్ట్రిక్ కుర్చీలో కూర్చోబెట్టి చంపారు, 1954లో మొదటి అణుబాంబు తయారీని నడిపించిన ఓపెన్‌హైమర్‌కే సెక్యూరిటీ క్లియరెన్స్ తీసేసారు. 1956 ఎన్నికల్లో ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ మీద పోటీచేసిన అడ్లాయ్ స్టీవెన్సన్ హైడ్రోజన్ బాంబు టెస్టులు ఆపాలని, స్ట్రాన్షియం-90 పేరెత్తి మరీ ప్రచారం చేసాడు, సరిగ్గా ఎన్నికల ముందు సోవియట్ ప్రధాని బుల్గానిన్ ఆ ఆలోచన బావుందని ఐసెన్‌హోవర్‌కి ఉత్తరం రాసాడు, దాంతో ఆ మాటకి మాస్కో ముద్ర పడిపోయింది. కెమిస్ట్రీ నోబెల్ గెలిచిన లైనస్ పౌలింగ్ టెస్టులు ఆపమని 11,000 మందికి పైగా సైంటిస్టుల సంతకాలతో 1958లో ఐక్యరాజ్యసమితికి పిటిషన్ ఇస్తే, 1960లో సెనేట్ సబ్‌కమిటీ పిలిచి ఆ సంతకాలు సేకరించింది ఎవరెవరో పేర్లు చెప్పమంది. ఆయన చెప్పనన్నాడు, చెప్తే ఆ కుర్రాళ్ళ ఉద్యోగాలు పోతాయని తెలుసు. జైలుకి వెళ్ళే ప్రమాదం ఉన్నా మాట మార్చలేదు.

సోవియట్ వైపు అడగడమే కుదరదు. సెమిపలాటిన్స్క్‌లో 1989 దాకా 456 పేలుళ్ళు జరిగాయి. చుట్టుపక్కల పల్లెల జనానికి ఏమవుతోందో చూడటానికి 1957లో అక్కడ ఒక ఆస్పత్రి పెట్టారు, బోర్డు మీద పేరు బ్రూసెలోసిస్ నివారణ డిస్పెన్సరీ నంబర్ 4, బ్రూసెలోసిస్ అంటే పశువుల నుంచి మనుషులకి అంటుకునే ఒక జబ్బు. పల్లెల వాళ్ళు దానికే చూస్తున్నారనుకునేవాళ్ళు, లోపల జరిగేది రేడియేషన్ పరీక్షలు, రిపోర్టులు రహస్యం. సోవియట్ హైడ్రోజన్ బాంబు తయారీలో ముఖ్యుడైన ఆండ్రే సఖారోవే 1958లో లెక్కకట్టి, గాల్లో పేల్చే ప్రతి మెగాటన్నుకి (పది లక్షల టన్నుల టీఎన్‌టీ అంత పేలుడుకి) రాబోయే తరాల్లో సుమారు 10,000 మంది నష్టపోతారని రాసాడు. మధ్యలో కొన్నాళ్ళు ఆపిన టెస్టుల్ని 1961లో మళ్ళీ మొదలుపెట్టొద్దని సోవియట్ అధినేత క్రుష్చేవ్‌కి చీటీ రాస్తే, ఆయన అందరి ముందూ రాజకీయాలు మాకు వదిలెయ్యి అని చివాట్లు పెట్టాడు. ఆ ఏడాది అక్టోబర్ 30న ఆర్కిటిక్ దీవులు నొవాయా జెమ్ల్యా మీద పేలిన 50 మెగాటన్నుల బాంబు సఖారోవ్ టీమ్ చేసిందే.

మళ్ళీ సెయింట్ లూయిస్‌కి వద్దాం. ఈ సర్వే వెనక ఉన్నవాళ్ళలో బయాలజిస్ట్ బారీ కామనర్, డాక్టర్లు ఎరిక్ రీస్, లూయిస్ రీస్ దంపతులు ముఖ్యులు, సర్వేని నడిపింది లూయిస్ రీస్. వాళ్ళ కమిటీ తీసుకున్న నిర్ణయం నాకు చాలా నచ్చుతుంది: టెస్టులు ఆపండి అని మేం అనం, సమాచారం ఇస్తాం, జనమే తేల్చుకుంటారు. స్కూళ్ళలో, డెంటిస్టుల దగ్గర కార్డులు పంచారు. పిల్లాడు ఎప్పుడు పుట్టాడు, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏ ఊళ్ళో ఉంది, తల్లిపాలా సీసాపాలా, ఇవన్నీ ఆ కార్డు మీద రాసి పన్నుతో పాటు పంపాలి. వచ్చిన కవర్లు విప్పి రకం, పుట్టిన ఏడాది ప్రకారం వేరుచేసే పని ఎక్కువగా ఆడవాళ్ళు వాలంటీర్లుగా చేసారు. ఒక్క పన్నులో ఉండే రేడియేషన్ అప్పటి పరికరాలకి అందనంత తక్కువ, అందుకని ఒకే రకం పళ్ళు చాలా కలిపి పొడిచేసి, కాల్చి, అందులోంచి స్ట్రాన్షియం వేరుచేసి లెక్కపెట్టేవాళ్ళు.

మొదటి ఫలితాలు 1961 నవంబర్‌లో సైన్స్ పత్రికలో వచ్చాయి, 1950ల మొదట్లో పుట్టిన పిల్లల పళ్ళలో ఏడాదికేడాది స్ట్రాన్షియం పెరుగుతోందని. తర్వాత 1963 ప్రాంతంలో పుట్టిన పిల్లల పళ్ళు చూస్తే 1950 వాళ్ళకన్నా సుమారు 50 రెట్లు ఉంది. 50 రెట్లంటే 50 రెట్ల కాన్సర్ అని కాదు, మొదట ఉన్నది చాలా తక్కువ, ఈ మోతాదుల్లో జబ్బు ఎంత పెరుగుతుందన్నది చాలా కష్టమైన లెక్క. కానీ మీ పిల్లల ఒంట్లోకి రావట్లేదు అని ఇక ఎవరూ అనలేని పరిస్థితి వచ్చింది.

అదే 1961 నవంబర్ 1న దాదాపు 60 ఊళ్ళలో వేల మంది ఆడవాళ్ళు పని ఆపి వీధుల్లోకి వచ్చారు, విమెన్ స్ట్రైక్ ఫర్ పీస్ అనే పేరుతో. వాళ్ళకీ తప్పలేదు, 1962 డిసెంబర్‌లో కమ్యూనిస్టులేమో తేల్చాలని, అలాంటి విచారణలే పనిగా పెట్టుకున్న అమెరికా ప్రతినిధుల సభ (హౌస్) కమిటీ పిలిచింది. మొదటి సాక్షిని పిలవగానే హాల్లో ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు, నిలబడకూడదన్నారు, చప్పట్లు కొట్టారు, చప్పట్లు కొట్టకూడదన్నారు, అప్పుడు సాక్షి చెప్పడానికి వెళ్తున్న వాళ్ళ చేతికి పూలిచ్చారు, చంకలో పిల్లల్తో వచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు. పదేళ్ళ పాటు ప్రొఫెసర్లని, సినిమా వాళ్ళని గడగడలాడించిన కమిటీకి ఈ తల్లుల్ని ఏం చెయ్యాలో తోచలేదు.

1963 ఆగస్ట్ 5న మాస్కోలో గాల్లో, నీళ్ళ కింద, అంతరిక్షంలో టెస్టులు వద్దనే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పళ్ళ వల్లే అయింది అంటే అతిశయోక్తి, క్యూబా సంక్షోభం రెండు దేశాలనీ భయపెట్టింది, భూగర్భంలో పేల్చుకునే దారి కూడా తెరిచే ఉంది. కానీ కెనెడీ జులై 26న టీవీలో మాట్లాడుతూ పిల్లల ఎముకల్లో కాన్సర్, రక్తంలో లుకేమియా అన్నాడంటే, ఆ మాట అక్కడి దాకా మోసుకొచ్చింది ఈ జనమే. సెనేట్‌లో 80-19 ఓట్లతో పాసయింది. అది అమల్లోకి వచ్చిన అక్టోబర్ 10నే పౌలింగ్‌కి శాంతి నోబెల్ ప్రకటించారు. మన దేశం ఆగస్ట్ 8నే సంతకం పెట్టింది, టెస్టులు ఆపాలని 1954 ఏప్రిల్ 2న లోక్‌సభలో నెహ్రూ అప్పటికే అడిగున్నాడు, ఆయన చెప్తే ఫిజిక్స్ శాస్త్రవేత్త డి.ఎస్. కొఠారీ అణు పేలుళ్ళ ప్రభావాల మీద ఒక పుస్తకమే తయారుచేసి పెట్టాడు, 1956లో అచ్చయింది.

ఒప్పందం తర్వాత పాలల్లో స్ట్రాన్షియం తగ్గుతూ వచ్చింది. పరీక్ష చెయ్యకుండా మిగిలిన పళ్ళు సుమారు 85,000, కార్డులతో సహా, 2001లో సెయింట్ లూయిస్ దగ్గర ఒక పాత ఆయుధాల బంకర్‌లో దొరికాయి, ఇప్పుడు ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉందో చూడటానికి పనికొస్తున్నాయి. ఆకాశంలోంచి వచ్చే బూడిదని అంత జాగ్రత్తగా కొలిచిన ఆ ఊళ్ళోనే, 1942 నుంచి బాంబు కోసం యురేనియం శుద్ధి చేసిన ఫ్యాక్టరీ వ్యర్థాలు ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆరుబయట పడి, కోల్డ్‌వాటర్ క్రీక్ అనే వాగులోకి కొట్టుకుపోతూ ఉన్నాయి, ఆ వాగు ఒడ్డున పిల్లలు ఆడుకున్నారు. యూటా, నెవాడా, అరిజోనా బాధితులకి 1990లో చట్టం చేసి పరిహారం ఇచ్చారు గానీ సెయింట్ లూయిస్ వాగు చుట్టుపక్కల వాళ్ళని, న్యూ మెక్సికోలో మొట్టమొదటి బాంబు బూడిద పడిన వాళ్ళని అందులో చేర్చింది 2025 జులైలో, ట్రినిటీ పేలిన 80 ఏళ్ళకి. సెమిపలాటిన్స్క్‌ని మాత్రం జనం రోడ్ల మీదకొచ్చి రెండేళ్ళు పోరాడి 1991 ఆగస్ట్ 29న మూయించారు.