ధర్నాకి వెళ్లే ముందు చదవండి

రాయగడ, ఒడిశా

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

బడిలో తెలుగు చెప్పే టీచర్ లేరని ఎమ్మెల్యే గారి ఇంటి ముందు కూర్చుంటామని అనుకుంటున్నారట. కోపం రావాల్సిన విషయమే. ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. "మీకెందుకర్రా" అని ఎవరైనా అంటే ఆ మాటే చెప్పండి.

కానీ ఇంటి ముందు వద్దు, ఆఫీసుకి వెళ్లండి. ఇంట్లో ముసలివాళ్లుంటారు, మీ ఈడు పిల్లలుంటారు. టీచర్ రాకపోవడంలో వాళ్ల తప్పేముంది?

ఇటువైపు ఏం జరిగిందో మీకు తెలియాలి. 2011 సెప్టెంబరులో నవరంగపూర్ జిల్లాలో ఉమర్‌కోట్ ఎమ్మెల్యే జగబంధు మాఝీని మావోయిస్టులు కాల్చి చంపారు. చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. భూమి పట్టాలు పంచడానికి ఊళ్లోకి వెళ్తే చంపేశారు. ఆరు నెలలకి కోరాపుట్ జిల్లా లక్ష్మీపూర్ ఎమ్మెల్యే ఝీనా హికాకాని ఎత్తుకెళ్లి నెలకి పైగా ఉంచుకున్నారు. ఇలాంటివి జరిగాక నాయకుడి చుట్టూ తుపాకులు పెరుగుతాయి. డబ్బున్న కాంట్రాక్టరు ఫోన్లోనే పని చేయించుకుంటాడు. కొండ దిగి అర్జీ పట్టుకొచ్చిన ముసలమ్మని మాత్రం గేటు దగ్గరే ఆపేస్తారు.

అలాగని భద్రత పేరు చెప్పి జనం నోరు నొక్కితే నేను ఒప్పుకోను. 2000 డిసెంబరులో మన జిల్లాలోనే, మైకాంచ్‌లో, బాక్సైట్ ప్రాజెక్టు వద్దన్న ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు పోయారు. అది క్షమించరాని పని.

నియమగిరి కొండ మీద బాక్సైట్ గని తవ్వుతామన్నప్పటి సంగతి మాత్రం గర్వంగా చెప్పుకోవాలి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. ఆ కొండ మీద బతికే ఆదివాసీలు, డోంగరియా కొంధులు, జడ్జి గారి ఎదుట లేచి నిలబడి, మా కొండ తవ్వొద్దన్నారు. పన్నెండు ఊళ్లదీ ఒకటే మాట. మరుసటి ఏడాది కేంద్రం ఆ గనికి అనుమతి ఇవ్వలేదు.

మీరూ గట్టిగా అరవండి, నల్లజెండా చూపించండి. రాయి, సిరా, చెప్పు ముట్టుకోవద్దు, కారుకి అడ్డం పడొద్దు. నాకు అన్నిటికన్నా భయం మీ ఫోన్లంటేనే. ఆయన ఇంటి ఫోటో, పిల్లల బడి పేరు గ్రూపుల్లో పెట్టకండి. మీరు కోపంలో పంపింది ఏ దుర్మార్గుడి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు?

అర్జీ ఒడియాలో రాయండి, కింద తెలుగులోనూ రాయండి. కలెక్టరు గారికీ ఒక కాపీ ఇవ్వండి. ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోవడం మరవొద్దు. ముందుగా పోలీసులకి ఇవ్వాల్సిన కాగితం నేను రాసి పెడతాను, ఆదివారం వచ్చి పట్టుకెళ్లండి.

మీ తాతయ్య